పటిక డబ్బా

బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాక ఝాన్సీలక్ష్మి వంటింటి గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, ఆ రోజు గడిలో ఒక మూల సన్నటి చుక్క పెట్టింది. రెండు వందల పదమూడో చుక్క. వేసవిలో మొదలుపెట్టిన చుక్కలు డిసెంబరు దాకా ఒక్క రోజూ తప్పకుండా వచ్చాయి. అవి నీళ్ళ మోటారు వేసిన గుర్తులని అత్తగారు విజయకుమారి అనుకుంటుంది. అనుకోనీ.

ఈ రోజు చుక్క పెడుతుంటే మాత్రం చెయ్యి కొంచెం వణికింది. భయం కాదది. చిన్నప్పుడు పుట్టింట్లో, దివిసీమలోని అవనిగడ్డలో, స్కూలు వాళ్ళు నాగార్జునసాగర్ తీసుకెళ్తామన్న రోజు తెల్లవారకముందే లేచి, రెండు జడలూ తనే వేసుకుని, అరుగు మీద కూర్చుని బస్సు కోసం చూసింది. అప్పుడూ చేతులు ఇలాగే వణికాయి. మళ్ళీ ఇన్నేళ్ళకు. మధ్యాహ్నం మూడింటికి ఆటో వస్తుంది. బందరు బస్టాండులో నాలుగున్నర బస్సు. రేపు పొద్దున హైదరాబాదులో చేనేత, హస్తకళల ప్రదర్శన. పది రోజులు. స్టాలు ముందు కట్టే బోర్డు మీద, మెడలో వేసుకునే కార్డు మీద ఒకటే పేరు: ఎస్. ఝాన్సీలక్ష్మి, కలంకారీ అద్దకం, పెడన. ఆ కార్డు పోస్టులో వచ్చిన రోజు, గదిలో తలుపు వేసుకుని మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది. ముప్పై ఏడేళ్ళ మనిషి, డిగ్రీ చదివిన మనిషి, ఏడో తరగతి కూతురున్న మనిషి. చూసుకుంటే ఏమైంది?

పెడనలో వాళ్ళది ఇంటి వెనకే అద్దకం షెడ్డు. పేరుకి అది ఆమె భర్త ఆనంద్‌ది. తెల్లగుడ్డను కరక్కాయ నీళ్ళలో నానబెట్టి పిండడం, ఆరేయడం, అద్దిన గుడ్డను కాలవలో నడుము లోతు నీళ్ళలో నిలబడి జాడించడం, కాగులో ఉడుకుతున్న గుడ్డను కర్రతో తిప్పుతూ రంగు ఎక్కడిదాకా వచ్చిందో చూడడం, ఏ అచ్చు పక్కన ఏ అచ్చు పడితే అంచు నిండుగా ఉంటుందో కాగితం మీద గీసి ఇవ్వడం, ఇవన్నీ ఝాన్సీ పనులు. వాటి మధ్యలో మూడు పూటల వంట. ఎవరైనా కొనుగోలుదారులొచ్చి "మేడం ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే ఆనంద్ నవ్వుతూ చెప్పే సమాధానం పద్నాలుగేళ్ళుగా మారలేదు. "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది."

ఆ పద్నాలుగేళ్ళలో మొదటి నాలుగు నెలలు నిండేసరికి వచ్చింది జబ్బు. జ్వరం, గజ్జల్లో బిళ్ళలు, చెప్పుకోలేని చోట నీటిపొక్కులు. ఒంటేలుకి వెళ్ళాలంటే గోడ పట్టుకుని ఏడ్చేది. కొత్త కోడలు కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే అత్తగారు చూసింది. పక్కకు పిలిచి అడిగింది. విజయకుమారి చెడ్డ మనిషేం కాదు. అడిగిన తీరులో జాలి ఉంది. పొక్కులు గుంపుగా లేచాయని, మంటగా ఉందని వినగానే, "అక్కి లేచింది అమ్మాయ్. ఫర్వాలేదు, రాయిస్తే పోద్ది" అంది.

అక్కి రాయడమంటే లక్ష్మీకాంతమ్మే రాయాలి. వీధి చివరింటి ముసలావిడ. ఆవిడ చెయ్యి పడితే ఎలాంటి అక్కి అయినా ఎండిపోతుందని పెడనలో సగం మంది నమ్మకం. కావిరాయి అరగదీసి, ఆ ఎర్రటి ముద్దను గిన్నెలో తెచ్చి, వేలితో పొక్కుల చుట్టూ సింహం బొమ్మ గీస్తుంది. సింహాన్ని చూసి అక్కి పారిపోతుందట.

"ఎక్కడమ్మా లేచింది?" అని ఆవిడ మొదటిసారి అడిగినప్పుడు ఝాన్సీ గోడ వైపు తిరిగి, "నడుము కింద" అంది.

"నడుము కిందంటే?"

"ఇంకా కింద."

లక్ష్మీకాంతమ్మ గిన్నె కింద పెట్టింది. "అక్కడ నేను గియ్యలేనులే తల్లీ. నడుము మీద గీస్తా. సింహం తల కిందికి పెడతాలే, అదే చూసుకుంటది."

ఈ మాట తలచుకుని ఝాన్సీ ఇప్పుడు నవ్వగలదు. అప్పుడు నవ్వలేదు. రాసిన మూడు రోజులు తడి తగలకూడదు. స్నానం లేదు. ఉప్పు లేని అన్నం, కారం లేని పప్పు. గడప దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా షెడ్డులోకి రాకూడదు. అక్కి ఉన్న మనిషి నీడ పడితే కాగులో రంగు విరిగిపోతుందని అద్దకం ఇళ్ళలో గట్టి పట్టింపు. పదో రోజుకు పొక్కులు ఎండిపోయేవి. "చూశావా, ఆవిడ చెయ్యి" అనేది అత్తగారు. మళ్ళీ నెలకో రెండు నెలలకో లేచేవి. మళ్ళీ కావి గిన్నె. మళ్ళీ సింహం.

అన్నం పెడుతూ అత్తగారు అనే మాట ఒకటుంది. కోపంగా కాదు, ఏదో లోకం సంగతి చెప్పినట్టు అనేది. "నువ్వొచ్చేదాకా మా ఇంట్లో ఈ అక్కి అంటే ఏంటో ఎరగం అమ్మాయ్. మీ దివిసీమ నీళ్ళల్లోనే ఉందేమో." పక్క కంచంలో ఆనంద్ ఆవకాయ కలుపుకుంటూ ఉండేవాడు. తల ఎత్తేవాడు కాదు. ఆయనకు ఇలాంటి ఆడవాళ్ళ మాటలు ఇబ్బంది కాబోలని ఝాన్సీ అనుకునేది.

ప్రదర్శనకు పిలుపు రావడం ఇది నాలుగోసారి. ఇంతకుముందు ఒకసారి విజయవాడ, రెండుసార్లు హైదరాబాదు. మూడుసార్లూ అదే కథ. ప్రదర్శన కోసం పదిహేను రోజులు నిద్ర లేకుండా గుడ్డలు తయారుచేయడం, ఎండలో కాలవలో నిలబడడం, సరిగ్గా బయల్దేరే ముందు రోజుల్లో తొడ లోపలి వైపు చురుక్కుమనడం. ఆ చురుకు ఎంత బాగా తెలుసంటే, కాగులో నీళ్ళు మరగబోయే ముందు వచ్చే చిన్న చప్పుడు తెలిసినట్టు తెలుసు. మూడుసార్లూ ఆమె నడుము మీద సింహంతో గదిలో పడుకుంటే, ఆమె గీసిన అంచులు తీసుకుని ఆనంద్ వెళ్ళాడు. రెండోసారి పేపర్లో ఫోటో కూడా వచ్చింది. ఆయన వెనక వేలాడుతున్న నెమళ్ళ దుప్పటి ఝాన్సీ పదకొండుసార్లు చెరిపి గీసింది. "నీ ఒంట్లో బాగుంటే నిన్నే పంపేవాణ్ణి కదా" అన్నాడాయన, పేపరు మడుస్తూ. ఆ మాట నిజమేననుకుని, తన ఒంటి మీద తనకే కోపం వచ్చింది.

కిందటేడాది వానాకాలంలో లక్ష్మీకాంతమ్మ శ్రీకాకుళం వెళ్ళింది. కృష్ణ ఒడ్డునున్న ఆ ఊళ్ళో ఆవిడ కూతురి ఇల్లు. సరిగ్గా అప్పుడే ఝాన్సీకి పొక్కులు లేచాయి. రాసే మనిషి లేదు. అత్తగారు కంగారుపడి రోజూ ఫోను చేస్తే, వాగులు పొంగాయి, రాలేనంది ఆవిడ. ఝాన్సీ మంచం మీద పడుకుని రోజులు లెక్కపెట్టింది. ఎనిమిదో రోజు చెక్కు కట్టాయి. పదో రోజు ఎండిపోయాయి.

సింహం లేకుండానే.

ఆమె లేచి కూర్చుంది. బందరు కాలేజీలో వృక్షశాస్త్రం చదివినప్పుడు మేడం చెప్పేది, ఒక మొక్కకు మందు వేస్తే పక్కన వెయ్యని మొక్క ఒకటి ఉండాలి, లేకపోతే ఏం తెలిసినట్టు కాదని. పన్నెండేళ్ళపైగా తన దగ్గర మందు వెయ్యని మొక్క లేదు. ఇప్పుడు దొరికింది. ఆ సాయంత్రం నుంచే క్యాలెండర్‌లో సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. పొక్కులు లేచిన రోజున సున్నా. దాని ముందు మూడు రోజులు ఏం జరిగిందో ఒక ముక్క. "కాలవ, మిట్టమధ్యాహ్నం." "రెండు రాత్రులు నిద్ర లేదు, ఆడపడుచు బిడ్డ బారసాల." "జ్వరం." "నెలసరి, పైగా పెద్ద ఆర్డరు." పది నెలల్లో ఏడు సున్నాలు వచ్చాయి. ఒక్కటీ ఊరికే రాలేదు. ప్రతి సున్నా వెనకా తాను చేసిన ఏదో ఒక చాకిరీ నిలబడి ఉంది. ఆమెకు ఏడుపు రావాల్సింది. చిత్రంగా ఉత్సాహం వచ్చింది. వరస ఉన్నదాన్ని పట్టుకోవచ్చు.

వాటన్నిటినీ ఒక కాగితం మీద ఎత్తి రాసుకుని, జాకెట్టు లైనింగు కొనాలని చెప్పి గుడివాడ బస్సెక్కింది. బందరులో అయితే ఎవరో ఒకరు చూస్తారు. గుడివాడలో డాక్టర్ తేజస్విని చిన్న వయసు మనిషి. పరీక్ష చేసింది, కాగితం చదివింది, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఇది మీరే రాశారా అండీ?"

"అవునండీ. తప్పులున్నాయా?"

"నాకు ఇంత బాగా రాసుకొచ్చిన పేషెంటు లేరండీ. సగం పని మీరే చేశారు." అప్పుడు చెప్పింది దాని పేరు. హెర్పిస్. ఒక వైరస్. ఒకసారి ఒంట్లోకి వస్తే నరాల మొదట్లో నిద్రపోతుంది, ఒళ్ళు అలిసినప్పుడు లేస్తుంది. పూర్తిగా పోదు, కానీ లేవకుండా ఆపొచ్చు. ముందు రక్తపరీక్ష చేయించి, కిడ్నీలు బాగున్నాయని చూశాక రోజుకో మాత్ర రాసింది. "ఏడాది తప్పకుండా వేసుకోండి, మధ్యలో వచ్చి కనపడండి. ఎండలో కాలవ పని, నిద్ర లేకపోవడం తగ్గించాలి. అది మందు కంటే కష్టం, నాకు తెలుసు."

ఝాన్సీ అడిగింది. "నాకెలా వచ్చిందండీ?"

"ఒకరి నుంచి ఒకరికి వస్తుంది, కలిసినప్పుడు. పొక్కులు లేని రోజుల్లో కూడా రావచ్చు. చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదండీ. మీ వారిని ఒకసారి తీసుకురండి. మిమ్మల్ని మాత్రం తిట్టుకోకండి. ఇది పాపం కాదు, వైరస్."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెడన దాకా ఆ మాటే నములుతూ వచ్చింది. చాలామందికి తెలియదు. అంటే ఆయనకూ తెలియదు. పాపం. ఎప్పుడైనా మెల్లగా, నొచ్చుకోకుండా చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. ముందు తన మీద మందు పనిచేయాలి. ప్రదర్శన అయ్యాక చెబుదాం. మాత్రల అట్టను అరిగిపోయిన పాత అచ్చుల పెట్టెలో, ఎవరూ ముట్టని చోట దాచింది. అత్తగారు గుడికి వెళ్ళే వేళ చూసి రోజూ ఒకటి, దానికి క్యాలెండర్‌లో ఒక చుక్క. ఎంత పనున్నా నిద్ర పోగొట్టుకోవడం మానేసింది. "మధ్యాహ్నం కాలవలోకి నేను దిగను, పొద్దున్నే దిగుతాను" అని మొదటిసారి చెప్పినప్పుడు ఆనంద్ వింతగా చూశాడు. ఏడు నెలలు. ఒక్కసారీ చురుక్కుమనలేదు. "కిందటిసారి లక్ష్మీకాంతమ్మ గట్టిగా రాసింది" అని మురిసిపోయింది అత్తగారు.

ఇక ఈ రోజు. కూతురు లహరి స్కూలుకు వెళ్ళాక ఝాన్సీ షెడ్డులో సామాను సర్దుతోంది. ప్రదర్శనలో జనం ముందు అద్ది చూపించాలి కదా. కరక్కాయ పొడి, బెల్లం నీళ్ళలో ఇనుము నానేసిన నల్ల రంగు, ఎరుపుకి మంజిష్ఠ, ఒక్కోటీ చిన్న సీసాల్లో పోసింది. పటిక మిగిలింది. రోజూ వాడే పటిక గోనెసంచిలో ఉంది. అందులోంచి తీసిపెట్టడానికి చిన్న డబ్బా కావాలి. పై అరలో తుప్పు పట్టిన పాత పటిక డబ్బా ఒకటి కనిపించింది. స్టూలు ఎక్కి దించి మూత తీసింది.

మాత్రల అట్ట.

నా మందు ఎవరో కనిపెట్టారు, ఇక్కడ పడేశారు అనుకుంది. పరుగెత్తి ఇంట్లోకి వెళ్ళి అచ్చుల పెట్టె తెరిచింది. తన అట్ట ఎక్కడిదక్కడే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. కంపెనీ వేరు, రంగు వేరు. కింద సన్నటి అక్షరాల్లో మందు పేరు ఒకటే. పటిక డబ్బాలో ఇంకా నాలుగు ఖాళీ అట్టలున్నాయి, రబ్బరు బ్యాండు వేసి, వరసగా. దాచేవాడు కూడా శ్రద్ధ గల మనిషే.

ఆనంద్ దుప్పట్లు మూటకడుతున్నాడు. ఆమె డబ్బా ఆయన ముందు పెట్టింది.

ఆయన డబ్బా చూశాడు, గుమ్మం వైపు చూశాడు. "అది... వేడి చేస్తే వేసుకుంటుంటా."

"వేడికి కాదండీ. దేనికో నాకు తెలుసు. నేనూ ఇదే వేసుకుంటున్నాను, ఏడు నెలల్నుంచి."

ఆయన మొహం రంగు మారుతుందని ఆమె ఎదురుచూసింది. మారింది కూడా. కానీ తేలికపడింది. "అమ్మయ్య. అయితే తెలిసిపోయిందన్నమాట. ఎట్టా చెప్పాలా అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నా."

"ఎప్పటినుంచి?"

"మందా, జబ్బా?"

"రెండూ."

"మందు ఐదేళ్ళ నుంచి. బందరులో డాక్టరు రాశాడు." చేతిలో తాడు ముడివేస్తూ, విప్పుతూ ఉన్నాడు. "జబ్బు... హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు. పెళ్ళికి ముందే. అప్పుడు చిన్నతనం ఝాన్సీ. నీకు చెబితే భయపడతావని చెప్పలేదు."

"నా ఒంటి మీద రాయిస్తుంటే భయపడతానని అనుకోలేదా?"

"నీకు దానికే తగ్గుతోంది కదా అని ఊరుకున్నా." గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మకి మాత్రం తెలియనివ్వకు."

అద్దకంలో మొదట గీత అచ్చు పడుతుంది. గుడ్డంతా ఏవో నల్లటి గీతలు, అర్థం కావు. దాని మీద రంగు అచ్చు సరిగ్గా కూర్చున్న క్షణంలో నెమలి లేచి నిలబడుతుంది. ఝాన్సీకి అలాగే కనిపించింది. ఐదేళ్ళ కిందట ఉగాదినాడు తన కంచంలో ఉప్పు లేని అన్నం. పక్క కంచంలో ఆవకాయ. ఎత్తని ఆ తల. ఇబ్బందితో దించుకున్నదనుకుంది. ఆయనకోసం ఏడు నెలలుగా మెత్తటి మాటలు ఏరి దాచుకుంది. నెమలి పూర్తిగా లేచింది, ఈకలతో సహా. ఏడుపు వస్తుందేమోనని ఆగి చూసుకుంది. రాలేదు. పొద్దున చుక్క పెట్టినప్పటి వణుకే, ఇంకా గట్టిగా, కాళ్ళ దాకా దిగింది. దివిసీమ నీళ్ళల్లో ఏమీ లేదు. తన ఒంట్లో ఏ దోషమూ లేదు. ఎంత పెద్ద బరువో దిగేదాకా తెలియలేదు.

ఆమె ఆ డబ్బాలో పటిక నింపి సీసాల పక్కన పెట్టింది. రెండు మాత్రల అట్టలూ చేతిసంచిలో వేసుకుంది. ఆయన అది చూసి మళ్ళీ తాడు అందుకున్నాడు.

రెండున్నరకు స్నానం చేసి, తానే అద్దిన చీర కట్టుకుని, కార్డు మెడలో వేసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి పీట వేసి ఉంది. పీట పక్కన లక్ష్మీకాంతమ్మ. చేతిలో కావి గిన్నె.

"రా అమ్మాయ్" అంది అత్తగారు ప్రేమగా. "ప్రతిసారీ సరిగ్గా ప్రయాణానికే లేస్తోంది కదా, ఈసారి ముందుగానే రాయించేద్దాం. రాకముందే రాయిస్తే అసలు రాదంట."

"మూడు రోజులు తడి తగలకపోతే చాలు తల్లీ" అంది లక్ష్మీకాంతమ్మ. "నాలుగో రోజు బస్సెక్కు. సింహాన్ని పెద్దది గీస్తా."

"నాకిప్పుడు ఏం లేదు అత్తయ్యా. ఆటో వచ్చే టైమైంది."

"ఎప్పుడూ ఏం లేదనే అంటావు. ఊరుగాని ఊళ్ళో లేస్తే ఎవరు చూస్తారు? మా వంశంలో లేని జబ్బు. నేను కాబట్టి ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని చూశా. అడుగు, వాణ్ణి అడుగు."

ఆనంద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల్లిని చూశాడు, గిన్నెను చూశాడు. ఝాన్సీ ఆయన్నే చూస్తోంది. ఒక్క మాట చాలు. పోనీ, అక్కర్లేదమ్మా అన్నా చాలు. అంతకంటే అడగదు.

"రాయించుకో ఝాన్సీ" అన్నాడాయన. "మూడు రోజులే కదా. పెద్దావిణ్ణి కష్టపెట్టడమెందుకు. ఈలోపు నేను వెళ్ళి స్టాలు తెరుస్తాలే."

బయట ఆటో హారను మోగింది. అరుగు మీది దుప్పట్ల మూటల్ని ఆటో అబ్బాయి ఎక్కించుకుంటున్నాడు.

ఝాన్సీ మెడలోని కార్డు సరిచేసుకుంది. చేతిసంచిలోంచి రెండు అట్టలూ తీసి, అత్తగారు బీపీ మాత్రలు పెట్టుకునే బల్ల మీద పక్కపక్కన పెట్టింది. తన అట్టలోంచి ఒక మాత్ర తుంచి, అందరి ముందూ నీళ్ళతో మింగింది. పొద్దున వెయ్యాల్సింది, ఈ హడావిడిలో చుక్క మాత్రమే పెట్టి మరిచిపోయింది.

"ఏంటవి?" అంది విజయకుమారి.

"అక్కి లేవకుండా వేసుకునే మందు అత్తయ్యా. ఇది నాది, గుడివాడ డాక్టరు రాసింది. ఏడు నెలలుగా నాకు లేవనిది దీనివల్లే. అది మీ అబ్బాయిది. పై అరలో పటిక డబ్బాలో దొరికింది. ఐదేళ్ళుగా వేసుకుంటున్నారు."

విజయకుమారి కొడుకు వైపు తిరిగింది. ఆయన తల ఎత్తలేదు.

ఝాన్సీ తన అట్టను చేతిసంచి పై జేబులో, చెయ్యి పెట్టగానే అందేలా పెట్టుకుంది. సంచులు రెండు చేతులకూ తగిలించుకుని లక్ష్మీకాంతమ్మ వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. ఆలస్యమవుతోందన్న తొందరే ఉంది.

"ముందు ఆయనకి రాయండి పిన్నిగారూ. ఈ ఇంట్లోకి అక్కి తెచ్చింది నేను కాదు. నేనొచ్చేసరికే ఆయనకుంది."

లక్ష్మీకాంతమ్మ వేలి చివర నుంచి కావి చుక్క ఒకటి పీట మీద పడింది. ఆవిడ రోగి ఎవరైనా ఒకటే అనుకునే మనిషి. గిన్నె సర్దుకుని ఆనంద్‌ను ఎగాదిగా చూసింది.

"అయితే రా నాయనా, చొక్కా తీసి కూర్చో. మూడు రోజులు ఎక్కడికీ పోగూడదు మరి."

ఆ మాట ఝాన్సీకి ఆటో ఎక్కుతుంటే వినిపించింది. "బందరు బస్టాండుకి" అంది, నవ్వు ఆపుకోకుండా.